ఉపగ్రహములకు కట్టుబడిన గడియారము: దాని హెచ్చరికలు, దాని వేడిమి

గడియారమునకు ఆదినుండియు పగవాడు వేడిమి. హైగెన్స్ పండితుడు 1656లో లోలకపు గడియారమును కల్పించిన నాటనుండి ఈ పగ సాగుచునే యున్నది. ఉక్కుకడ్డీ ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ వేడెక్కినచో తన పొడవులో పదిలక్షల పాళ్లకు సుమారు 11 లేక 12 పాళ్లు సాగును. పొడవు పెరిగిన లోలకము మెల్లగా ఊగును గనుక గడియారము దినమునకు రమారమి అర సెకను వెనుకబడును. పై తరగతుల విద్యార్థులు ఈ లెక్కను లోలకపు సూత్రమునుండి తామే కట్టి చూచుకొనవచ్చును. గ్రాహము అను ఆంగ్లేయుడు పాదరసపు లోలకముతోను, హారిసను ఇత్తడి ఉక్కు కడ్డీలను జతపరచిన లోలకముతోను 18వ శతాబ్దిలో ఈ దోషమును చాలవరకు అణచిరి. తరువాత 1927లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు మారిసను క్వార్ట్జు స్ఫటికముతో నడచు గడియారమును నిర్మించెను. లోలకము పోయినది గాని వేడిమి పీడ పోలేదు. స్ఫటికము సెకనుకు ఎన్నిమారులు కంపించునో, ఆ సంఖ్యయు ఉష్ణోగ్రతను బట్టి మారుచునే యుండును.

నేడు టెలిఫోను టవరుల క్రింది గదులలోను, విద్యుత్ సబ్‌స్టేషనులలోను, ప్రయోగశాలలలోను ఒక విధమైన కాలయంత్రము కానవచ్చును. దాని లోపల క్వార్ట్జు స్ఫటికమే యున్నది. కాని ఆ స్ఫటికమును అమెరికా దేశపు జి.పి.యస్. ఉపగ్రహములు నిరంతరము సరిదిద్దుచుండును. ఇట్టి యంత్రముమీద ఎర్రదీపము వెలిగినపుడు, లేదా దాని తెరమీద హెచ్చరిక మాట కనబడినపుడు ఏమి చూడవలెను, ముఖ్యముగా అది చూపు ఉష్ణోగ్రత అంకెను ఎట్లు చదువవలెను అనునదే ఈ పాఠమునకు విషయము.

దూరపు గడియారమునుబట్టి దగ్గరి గడియారమును దిద్దుకొనుట మనకు క్రొత్తగాదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున మన దేశపు రైలుమార్గములు మద్రాసు కాలమును అనుసరించి నడచెను. మద్రాసు వేధశాలనుండి తంతి మార్గమున సంకేతము పోయెడిది. స్టేషనులోని గడియారము సంకేతమునకు సంకేతమునకు నడుమ తన నడకను తానే నడచి, సంకేతము రాగానే దిద్దబడెడిది. 82½ డిగ్రీల తూర్పు రేఖాంశముపై నిలిచిన నేటి భారత ప్రామాణిక కాలము 1906 జనవరి 1న అమలులోనికి వచ్చినది. మన పత్రిక పాఠకులలో యానాము వారెవరైన నున్నచో, పటము తెరచి ఆ రేఖ తమ ఊరికి ఎంత చేరువగా పోవుచున్నదో చూడవచ్చును.

మన యంత్రమున తంతికి బదులు ఉపగ్రహము వచ్చినది. దిద్దుట దినమునకు ఒకమారు గాక ప్రతి సెకనునకు జరుగును. అయినను ఒక చిక్కు కలదు. ఉపగ్రహ సంకేతము దీర్ఘకాలమున మిక్కిలి నమ్మదగినది, కాని క్షణక్షణమునకు చూచినచో కొంత తడబడును. దాదాపు 20,000 కిలోమీటర్ల ఎత్తునుండి వాయుమండలమును దాటి వచ్చు సంకేతము గనుక ఒక్కొక్క సెకను గుర్తు పదుల నానోసెకన్ల మేర ముందు వెనుకలగుచుండును. స్ఫటికము ఇందుకు సరిగా విరుద్ధము. క్షణములలోను నిమిషములలోను అది ఎంతో నిలుకడగలది. దినములు వారములు గడచినకొలది దారి తప్పును. కావున యంత్రము ఈ రెండింటిని పోల్చుచు, తేడాను నిదానముగా సరాసరి కట్టి, ఒక చిన్న విద్యుత్ వోల్టేజి ద్వారా స్ఫటికపు వేగమును కొంచెము పెంచును, కొంచెము తగ్గించును. దీనిని నియంత్రణ వోల్టేజి అందము. ఈ పాఠమున దీని పేరు పలుమారులు వచ్చును.

ఇంత సూక్ష్మము ఎందులకని అడుగవచ్చును. స్ఫటికపు వేగములో వందకోట్లకు ఒక్క పాలు తేడా యున్నచో దినమునకు 86.4 మైక్రోసెకన్ల దోషము చేరును. ఒక మైక్రోసెకనులో కాంతి 300 మీటర్లు పోవును. 50 హెర్ట్జుల విద్యుత్ తరంగము అంతలో 0.018 డిగ్రీ మాత్రమే తిరుగును గాని, వేరువేరు ఊళ్లలోని కొలతలను జతపరచి విద్యుత్ జాలము క్షేమముగా నున్నదా యని చూచువారికి మైక్రోసెకను లెక్కయే కావలెను. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల జనులకు విద్యుత్తు నిలిచిపోయెను. ఏ తీగ ముందు తెగినది, ఏ యంత్రము తరువాత ఆగినది అని విచారణ సంఘమువారు వరుస కట్టబోగా, అనేక స్థలములలోని నమోదు యంత్రములు ఒకే కాలమునకు కట్టుబడి లేవు. సంఘటనల వరుసను తేల్చుట అందుచేత ఎంతో శ్రమయైనది. కాలమునకు కట్టుబడిన నమోదు యంత్రములను తప్పనిసరి చేయవలెనని ఆ సంఘము సిఫారసు చేసినది.

ఇక హెచ్చరికల సంగతి. ఉదాహరణకు ట్రింబుల్ కంపెనీవారి థండర్‌బోల్ట్ అను యంత్రమును గైకొందము. టెలిఫోను సంస్థలు వాడి విడిచిన ఈ యంత్రములు పెక్కు అభిరుచిగల వారి బల్లల మీదికి చేరినందున దీని గుణదోషములు లోకమునకు బాగుగ తెలిసినవి. ఇది తన హెచ్చరికలను చిన్నవి, తీవ్రమైనవి అని రెండు తెగలుగా చెప్పును. మాటలన్నియు ఆంగ్లముననే యుండును. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో మరియొక భాష వినుచు పెరిగిన మన పిల్లలకు అది పెద్ద అడ్డు కాజాలదు. అసలు అడ్డు వేరొకటి యున్నది. హెచ్చరిక తాను గమనించిన లక్షణమును మాత్రమే చెప్పును, రోగమేదో చెప్పదు. ఒళ్లు కాలుచున్నదని చెప్పిన మాత్రమున ఏ జ్వరమో తెలియదుకదా!

యంత్రమును అప్పుడే వెలిగించినపుడు కనబడు హెచ్చరికలు చాలవరకు హెచ్చరికలే కావు. "స్థలనిర్ణయము జరుగుచున్నది" అను మాట కొంతసేపు ఉండితీరును. ఈ యంత్రము మామూలుగా 2,000 కొలతల సరాసరి కట్టి తానున్న చోటును నిశ్చయించుకొనును. ఉపగ్రహముల పట్టిక అసంపూర్ణమను మాటయు అట్టిదే. ఆ పట్టిక అంతయు ఆకాశమునుండి దిగుటకు 12½ నిమిషములు పట్టును. అప్పుడు చేయవలసినది ఏమియు లేదు, వేచియుండుటయే. "లీపు సెకను రానున్నది" అను వార్తయు చిన్న హెచ్చరికల వరుసలోనే యుండును. అది సమాచారమే గాని దోషము కాదు. లీపు సెకను కడపటిమారు చేర్చబడినది 2016 డిసెంబరు 31న.

ఏంటెన్నాకు సంబంధించిన హెచ్చరికలు రెండు. తీగె తెగినట్లున్నది అనునది ఒకటి, తీగెలు ఒకటికొకటి తగిలినట్లున్నవి అనునది రెండవది. మిద్దెమీది ఏంటెన్నాలో చిన్న ఆంప్లిఫయరు ఉండును. దానికి కావలసిన విద్యుత్తు, సంకేతము దిగివచ్చు కేబులు గుండనే పైకి పోవును. ఆ ప్రవాహము మరీ తక్కువైనచో మొదటి హెచ్చరికయు, మితిమీరినచో రెండవదియు వచ్చును. అనగా యంత్రము కొలుచుచున్నది ప్రవాహమును గాని సంకేతమును కాదు. ఒక ఏంటెన్నాను రెండు మూడు యంత్రములకు పంచియిచ్చు స్ప్లిట్టరును నడుమ పెట్టినచో, అది ఈ విద్యుత్తును అడ్డుకొనవచ్చును. అప్పుడు ఎనిమిది ఉపగ్రహములు చక్కగా కనబడుచున్నను "ఏంటెన్నా లేదు" అని యంత్రము మొరపెట్టుకొనును. కనుక ఏంటెన్నా హెచ్చరిక రాగానే మిద్దె యెక్కుటకు ముందు ఉపగ్రహముల సంఖ్యను, వాని సంకేత బలమును చూడవలెను. బలము కూడ పడిపోయినచో అప్పుడు మల్టీమీటరుతో కేబులు చివర వోల్టేజి చూచి, పిమ్మట కనెక్టరులలో నీరు దిగినదేమో వెదకవలెను. వానకాలములో కనెక్టరులోనికి నీరు దిగుట మిక్కిలి సామాన్యమైన దోషము.

సంకేతము నిజముగా పోయినచో యంత్రము "హోల్డోవర్" అను దశలో పడును. అనగా దిద్దువారు లేక, స్ఫటికము తన నడకను తానే నడచుకొనును. ఈ దశలో చాలమంది రెండు పనులు చేయుదురు. రెండును కూడనివే. మొదటిది, యంత్రమును ఆపి మరల వెలిగించుట. స్ఫటికము చల్లారి, తిరిగి వేడెక్కి నిలుకడకు వచ్చుటకు గంటలు, ఒక్కొక్కప్పుడు దినములు పట్టును. చేతిలోనున్న మంచి కాలము కాస్త పోవును. రెండవది, గదిలో ఉక్కగా నున్నదని తలుపులు బార్లా తెరచి ఫ్యాను వేసి ఏంటెన్నా పనికి పూనుకొనుట. గురువు లేని వేళ శిష్యుడు వేడిమికి ఎక్కువ లోబడును. స్ఫటికపు వేగము వెయ్యికోట్లకు ఒక్క పాలు తప్పినను దినమునకు 8.64 మైక్రోసెకన్లు పోవును. టెలిఫోను టవరులు కొన్ని ప్రామాణిక కాలమునుండి 1½ మైక్రోసెకనుకంటె ఎక్కువ ఎడబాయరాదు. ఆ లెక్కన మనకు చిక్కిన వ్యవధి నాలుగు గంటలకు కొంచెము మించును. ఆ నాలుగు గంటలును గది వేడిమిని ఉన్నదున్నట్లుండనిచ్చుట ఏంటెన్నాను బాగుచేయుటయంత ముఖ్యము.

వేడిమి విషయమునకు వచ్చితిమి గనుక ఇచట కొంత నిలువవలెను. మంచి యంత్రములలో స్ఫటికమును ఓవెను అను చిన్న డబ్బీలో నుంచి, ఎల్లప్పుడు సుమారు 80 డిగ్రీల వేడిలో కాపాడుదురు. స్ఫటికపు వేగము ఉష్ణోగ్రతతో మారు రేఖను గీచినచో అది కొండవలె ఎక్కి ఒకచోట మలుపు తిరుగును. ఆ మలుపువద్ద రేఖ సమతలముగా నుండును గనుక కొంచెము వేడి హెచ్చినను తగ్గినను వేగము అంతగా మారదు. ఓవెనును సరిగా ఆ మలుపునకు నిలుపుదురు. ఇంత చేసినను గది వేడిమి మారినపుడు స్వల్పమైన తేడా లోపలికి చొచ్చుకొని పోవుచునే యుండును. మరియొక విషయము. ఓవెను వేడిచేయగలదే గాని చల్లబరుపలేదు. రేకుల కప్పుగల గదిలో, వేసవి మధ్యాహ్నమున, గది చల్లబరచు యంత్రము ఆగినపుడు, పెట్టె లోపలి వేడి ఓవెను వేడికి చేరువైనచో ఓవెను చేతులెత్తివేయును.

యంత్రము తెరమీద చూపు ఉష్ణోగ్రత ఈ ఓవెనుది కాదు. ఈ ఒక్క మాట తెలియక చాలమంది కంగారుపడుదురు. థండర్‌బోల్ట్‌లో ఉష్ణమాపకపు చిప్పు సర్క్యూట్ బోర్డుమీద, ఓవెనుకు వెలుపల నున్నది. అది చూపునది పెట్టెలోని గాలికిని బోర్డుకును గల వేడి. గదిలో 30 డిగ్రీలున్నపుడు అది 40 చూపినచో దోషము లేదు. అది 80 చూపుటలేదని ఓవెను చెడినదనుకొనుటయు తప్పే. ఓవెను చెడినదని తెలిసికొనుటకు వేరు గుర్తులు కలవు. యంత్రమును వెలిగించిన వెంటనే ఓవెను అధికముగా విద్యుత్తును పీల్చి, వేడెక్కిన పిమ్మట తగ్గించుకొనవలెను. మొదటనే పీల్చకున్నను, ఎంతసేపటికిని తగ్గకున్నను అనుమానింపవలసినదే. ఓవెను నిజముగా చల్లారినచో స్ఫటికపు వేగము ఎంతో తప్పును; దానిని దిద్దబోయి నియంత్రణ వోల్టేజి తన హద్దువరకు పరుగిడును. అప్పుడు "వోల్టేజి హద్దునకు చేరినది" అను తీవ్రమైన హెచ్చరిక వెలువడును. అదే వోల్టేజి ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా జరిగి హద్దును సమీపించినచో అది స్ఫటికపు ముసలితనము, ఓవెను జబ్బు కాదు. హెచ్చరిక మాట ఇంచుమించు ఒకటే, చరిత్ర వేరు. వారమునకొకమారైనను ఆ అంకెను పుస్తకములో వ్రాసియుంచువారికి మాత్రమే ఈ భేదము తెలియును.

ఉష్ణోగ్రత అంకెలోనే ఒక విచిత్రము కలదు. థండర్‌బోల్ట్‌లోని ఉష్ణమాపకము డాలస్ సెమీకండక్టరు వారి డి.యస్. 1620 అను చిప్పు. అది మామూలుగా అర డిగ్రీ మెట్లతో చెప్పును. దాని లోపలి లెక్కింపును చదివి డిగ్రీలో నూరవ పాలువంటి సన్నని భాగములను రాబట్టు ఉపాయము కలదు. తరువాతి కాలమున వచ్చిన చిప్పులలో ఆ ఉపాయము పారలేదు. అందుచే కొన్ని యంత్రములలో ఉష్ణోగ్రత రేఖ నున్నగా పారుటయు, మరికొన్నింటిలో మెట్లుమెట్లుగా దుముకుటయు కానవచ్చును. గది ఒక్కసారిగా అర డిగ్రీ వేడెక్కినదని ఆ మెట్టును చూచి తలంపరాదు. దానికి మారుగా, మెట్టు కదలనంత మాత్రమున గది నిలుకడగా నున్నదనియు తలంపరాదు, 0.3 డిగ్రీల అల ఆ రెండు మెట్ల నడుమ దాగియుండవచ్చును.

వేడి ఎంత అనుటకంటె ఎంత త్వరగా మారినది అనునదే ఇచట ప్రధానమైన ప్రశ్న. రోజంతయు 45 డిగ్రీలవద్ద నిలిచిన యంత్రము, ఇరువది నిమిషములకొకమారు 30కిని 33కును నడుమ ఊగు యంత్రముకంటె మేలు. చల్లబరచు యంత్రము ఆగుచు వెలుగుచున్న గదిలో ఉష్ణోగ్రత రేఖయు, నియంత్రణ వోల్టేజి రేఖయు ఒకే తాళమున ఊగుచుండును. వానిని ఒక కాగితముమీద ఒకదానిక్రింద ఒకటి గీచి చూడవలెను. ఓవెనునకు బరువున్నది గనుక వోల్టేజి మార్పు వేడి మార్పునకు కొంత వెనుకగా రావలెను. వోల్టేజియే ముందు కదలినచో వేడిమి నిరపరాధి. వేడిమియే కారణమని తేలినచో మందు సులభము: గాలి సూటిగా తగులని మూలకు యంత్రమును మార్చుట, లేదా దానిపై వదులైన పెట్టె బోర్లించుట. గాలి చొరకుండ బిగించుట మాత్రము పనికిరాదు. ఏలననగా లోపలి వేడికి పోవుదారి యుండవలెను.

ఇక దినమునకు ఒకమారు వచ్చు దోషమును చూతము. ప్రతిదినము మధ్యాహ్నము మూడు గంటల ప్రాంతమున కాలదోషము ఉబ్బి, హెచ్చరిక వచ్చుచున్నదనుకొందము. ఎండవలన ననుట సహజము. కాని ఉపగ్రహములవలన కూడ ఇట్టిదే జరుగవచ్చును. ఏంటెన్నా ప్రక్కన నీళ్లతొట్టియో గోడయో యున్నచో, ఫలానా ఉపగ్రహము ఫలానా మూలకు వచ్చినపుడు సంకేతము ఆ గోడకు తగిలి దొంగదారిని వచ్చును. ఈ రెంటిని ఎట్లు వేరుపరుపగలము? సూర్యుడు 24 గంటలకు తిరిగి అదేచోటికి వచ్చును. జి.పి.యస్. ఉపగ్రహములు నక్షత్రదినమును అనుసరించి, సుమారు 23 గంటల 56 నిమిషములకే ఆకాశములో తమ పూర్వస్థానమునకు వచ్చును. కావున దోషము గోడవలన కలిగినదైనచో దినమునకు 4 నిమిషముల చొప్పున ముందుకు జరుగుచుండును. పదునైదు దినములకు ఒక గంట! మూడు గంటలకు వచ్చునది రెండు గంటలకే వచ్చును. ఎండవలననైనచో మూడు గంటలనే పట్టుకొని యుండును. ఇందుకు కావలసిన పరికరము ఒక నోటుపుస్తకము మాత్రమే. నా దృష్టిలో ఈ విద్యయందు ఇంతకు మించిన చక్కని పరీక్ష లేదు.

యంత్రమునందును గదియందును ఏ దోషమును లేకుండగనే హెచ్చరిక వచ్చుటయు కలదు. 2016 జనవరి 26న ఒక పాత ఉపగ్రహమును సేవనుండి తొలగించు సమయమున, జి.పి.యస్. కాలమునకును విశ్వకాలమునకును గల తేడాను తెలుపు లెక్కలో సుమారు 13 మైక్రోసెకన్ల తప్పు ప్రసారమయ్యెను. నానా దేశములలో కాలయంత్రములు గంటల తరబడి హెచ్చరించెను. ఒక్కొక్క గదిలో ఒక్కొక్కరు తమ యంత్రమే చెడినదని తలచియుందురు. ప్రక్క ఊరి యంత్రమును విచారించినచో సంగతి తెలిసెడిది. తేదీ విషయమును ఇట్టిదే. జి.పి.యస్. పాత సంకేతము వారములను 1,024 వరకు మాత్రమే లెక్కించి మరల సున్నకు వచ్చును. 1980 జనవరి 6న మొదలైన ఆ లెక్క 1999 ఆగస్టులోను, 2019 ఏప్రిలులోను తిరిగినది. యంత్రము లోపలి ఏర్పాటును బట్టి ఈ మలుపు వేరు దినమున కూడ రావచ్చును. థండర్‌బోల్ట్ యంత్రములు 2017 జూలై 30న ఒక్కసారిగా 1997 డిసెంబరు 14 అని చూపసాగెను. తేదీ తప్పినది గాని, సెకను గుర్తును, పది మెగాహెర్ట్జుల వేగమును ఎప్పటివలెనే ఒప్పుగా నుండెను. ఇరువది ఏండ్లు వెనుకబడిన యంత్రము నానోసెకను తప్పలేదు!

ఇట్టి యంత్రము మన బడిలో లేదు గాని, వేడిమికిని స్ఫటికమునకును గల సంబంధమును ఇంటనే చూడవచ్చును. మామూలు చేతిగడియారములోని స్ఫటికము సెకనునకు 32,768 మారులు కంపించును. అది 25 డిగ్రీల ప్రాంతమున అన్నింటికంటె వేగముగా నడచును. అచటనుండి ఎన్ని డిగ్రీలు ఎడమైనచో ఆ సంఖ్య వర్గమును 0.034తో గుణించినచో, పదిలక్షలలో ఎన్ని పాళ్లు మందగించునో వచ్చును. 45 డిగ్రీలవద్ద 20 వర్గము 400, గుణింపగా 13.6 పాళ్లు, అనగా దినమునకు సుమారు 1.2 సెకన్లు. ఒకే రకపు రెండు చవుక గడియారములను రేడియో సమయ సంకేతముతో సరిచేసి, ఒకదానిని ఇంటిలోని చల్లని మూలను, రెండవదానిని మూతగల పొడి సీసాలో పెట్టి మంచు పెట్టెలోను పది దినములు ఉంచుడు. మంచు పెట్టెలో 5 డిగ్రీలున్నచో ఫలిత మెంత రావలెనో ముందుగనే కాగితముమీద వ్రాసికొనుడు. చలికి గడియారము వేగిరపడునని లోలకమును చూచి అనుకొన్నవారు, ఆ కాగితమును పదవనాడు మరల చూచుకొందురు గాక.